పదకొండు స్టేషన్ల లైను

దుబాయ్‌లో మొదటి ఏడేళ్ళు నేను చేసిన పని ఒక్క మాటలో చెప్పాలంటే, నిలబడటం. జెబెల్ అలీలో సర్వే పని అది. ఇంజనీరు మూడు కాళ్ళ స్టాండు మీద దుర్బిణి పెట్టుకుని ఒకచోట ఉంటాడు. అంకెలు గీసిన పొడవాటి కర్ర పట్టుకుని నేను చాలా దూరంలో ఉంటాను. ఆ కర్రను స్టాఫ్ అనేవాళ్ళం. గాలి ఎటు కొట్టినా అది నిటారుగా ఉండాలి. అతను అంకె చదివి రాసుకుని చెయ్యి ఎత్తుతాడు. నేను మరో చోటికి నడిచి మళ్ళీ నిలబడతాను. చుట్టూ ఉప్పు పేరుకుని తెల్లబారిన నేల. పిలిస్తే వినపడే దూరంలో మనిషి ఉండడు.

క్యాంపు గదిలో ఎనిమిది మందిమి. అక్కడ మాటలకు కరువు లేదు. కానీ పగలంతా ఆ ఖాళీలో నిలబడి వచ్చినవాడికి నోరు పెగలడానికి కొంత సేపు పడుతుంది. వాళ్ళు నవ్వుతున్నది దేనికో అర్థమయ్యేలోపు మాట మారిపోయేది. మెల్లగా నన్ను మాట్లాడించడం మానేశారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

ఆ దేశంలో నాకు అన్నిటికంటే వింతగా తోచింది రైలు లేకపోవడం. నేను పుట్టి పెరిగింది నిజామాబాద్ వైపు ఒక చిన్న స్టేషన్ పక్కన, రైల్వే క్వార్టర్లో. మా బాపు అక్కడ పాయింట్స్‌మన్, బండి ఏ లైను మీదికి పోవాలో ఆ వైపు పట్టాలు మార్చే పని. మీటర్ గేజ్, ఒంటి లైను. మా ఇంట్లో గడియారం ఉండేది కాదు, దాని అవసరమూ పడలేదు. పొద్దుటి పాసింజరు కూత విని అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి వెలిగించేది. గూడ్సు బండి పోయాక మేం బడికి బయలుదేరేవాళ్ళం. జెబెల్ అలీలో మొదటి నెలల్లో మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఏదో తక్కువైనట్టు ఉలిక్కిపడి లేచేవాణ్ణి. తక్కువైంది ఆ చప్పుడేనని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

బాపుకు నేను రైల్వేలోనే ఉండాలని ఉండేది. పట్టాలు బాగుచేసే గ్యాంగులో నాలుగేళ్ళు కూలీగా చేశాను. పర్మనెంటు కాలేదు. ముప్పై దాటాయి, పెళ్ళయింది. దుబాయ్ వీసా వచ్చిందని చెప్పిన రోజు బాపు అన్నం ముందునుంచి లేచి, "పట్టాలిడిశిపెట్టి ఇసుకల వడుతవారా?" అన్నాడు. నేను ఊరు విడిచిన రోజు ఆయన డ్యూటీలోనే ఉన్నాడు. నేనెక్కిన బండికి పచ్చ జెండా చూపించింది ఆయనే. జెండా చూపాడు గానీ నా పెట్టె వైపు చూడలేదు. ఆ తర్వాత నేను రాసిన ఉత్తరాలకు ఇంటినుంచి జవాబులు వచ్చేవి. బాపు రాసింది మాత్రం ఒక్కటీ ఉండేది కాదు.

నేను వెళ్ళిన మూడో ఏడు మా సర్వే గ్యాంగుకు ఒక జపాన్ ఇంజనీరు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, మెడ చుట్టూ తెల్ల తువ్వాలు. సైటులో ఒకళ్ళనొకళ్ళు భాయ్ అని పిలుచుకోవడం విని, వాళ్ళ దేశపు మర్యాద మాట దానికి తగిలించి అందర్నీ "భాయ్‌సాన్" అనేవాడు. అతనికో అలవాటు ఉండేది. దుర్బిణి బిగించాక చూపుడు వేలితో దాన్ని చూపిస్తూ పైకి ఏదో అనేవాడు. అంకె రాసుకున్నాక కాగితాన్ని వేలితో చూపి మళ్ళీ అనేవాడు. పక్కన మనిషి లేకుండా మాట్లాడుతున్నాడని మా గ్యాంగులో నేల కొలిచే గొలుసు పట్టే జగిత్యాల అన్న నవ్వేవాడు.

"ఏందే, సాబ్‌కు ఎండ దెబ్బ తగిలిందా ఏంది? మిషన్‌తోని ముచ్చట వెడుతున్నడు."

ఎండ దెబ్బ కాదని నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది.

ఆ వేళ బండి నీడలో కూర్చుని తిన్నాం. జగిత్యాల అన్న తువ్వాలు మొహాన వేసుకుని పడుకున్నాడు. జపాన్ సాబ్ కొంచెం దూరంలో ఒక్కడే కూర్చుని చెక్క మేకుతో ఇసుకలో గీతలు గీస్తున్నాడు. పొడవాటి గీత ఒకటి, దాని మీద అక్కడక్కడా చిన్న చిన్న గళ్ళు. లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. సర్వే గీతేమో అనుకున్నాను. కానీ ఒక గడి దగ్గర గీత రెండుగా చీలి, కాస్త దూరం పోయి మళ్ళీ కలిసింది. ఆ చీలిక నా చిన్నతనమంతా నా కళ్ళ ముందున్నదే. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఒకదాన్నొకటి తప్పించుకునే చోటు అది, మా దగ్గర లూపు అనేవాళ్ళం.

"రేల్? స్టేషన్?" అన్నాను.

అతను తలెత్తి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. మా ఇద్దరికీ మధ్య ఉన్న భాష సగం హిందీ, పావు ఇంగ్లీషు, మిగిలింది చేతులు. ఆ మాటల్ని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"అవును, స్టేషన్. మా నాన్న స్టేషన్ మాస్టర్," అని ఆ చీలిక దగ్గర వేలు పెట్టాడు. "చాలా చిన్నది. రైలుకు ఒకటే పెట్టె."

"మా బాపు కూడా రైల్వేనే," అన్నాను. ఏం పని చేస్తాడో హిందీలో చెప్పడం నాకు చేతకాలేదు. పక్కనే కట్టుడు తీగ పడి ఉంది. దాన్ని తీసి పెద్ద రింగులా వంచాను. లేచి నిలబడి, బాపు ప్లాట్‌ఫారం చివర నిలబడ్డట్టే, ఆ రింగును చేతికి తగిలించి పైకెత్తి పట్టుకున్నాను.

ఒంటి లైను మీద బండి నడిపే డ్రైవరుకు ముందు స్టేషన్ దాకా దారి నీదేనని చెప్పే గుర్తు ఒకటి చేతికి అందాలి. మా దగ్గర అది ఇనుప గుండు. తోలు సంచీలో వేసి, వెదురు రింగుకు కట్టి, బాపు ఎత్తి పట్టుకునేవాడు. ఆగకుండా పోయే బండి డ్రైవరు చెయ్యి చాపి దాన్ని లాక్కుపోయేవాడు. ఆ గుర్తు లేనిదే బండి అడుగు ముందుకు వెయ్యకూడదు.

జపాన్ సాబ్ నన్నే చూస్తూ లేచాడు. చేతిలో మేకు కింద పడేశాడు. పది అడుగులు వెనక్కి నడిచి, ఇంజనులోంచి వంగినట్టు ఒక పక్కకు ఒరిగి, చెయ్యి చాపి పరుగెత్తుకుంటూ వచ్చి నా చేతిలోని తీగ రింగును మోచేత్తో అందుకుని దాటిపోయాడు. ఆగి, ఆయాసపడుతూ, పగలబడి నవ్వాడు. అతను నవ్వడం మేం అదే మొదటిసారి చూశాం. జగిత్యాల అన్న లేచి కూర్చుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"నీకు గూడ ఎండ దెబ్బ తగిలిందారా?"

వాళ్ళ దేశంలో రింగుకు కట్టేది గుండు కాదట, ఇత్తడి బిళ్ళట. తేడా అంతే. వేలితో చూపించి పైకి అనే అలవాటు కూడా రైల్వేదేనట. సిగ్నలు సరిగ్గా ఉందని కన్ను చూస్తే చాలదు, వేలు చూపాలి, నోరు చెప్పాలి, చెవి వినాలి అని వాళ్ళ నాన్న చిన్నప్పుడే నేర్పాడట.

అప్పటినుంచి కొన్ని శుక్రవారాలు అతని క్యాబిన్‌కు వెళ్ళేవాణ్ణి. పాలూ చక్కెరా లేని పచ్చటి టీ ఇచ్చేవాడు. దాన్ని తాగడం నేర్చుకున్నాను. గోడకు ఒకే ఒక ఫోటో ఉండేది. పెంకుల కప్పుతో చిన్న చెక్క ఇల్లు, ముందు మంచు, వెనక ఎత్తైన కొండ. ఇల్లు అనుకున్నాను గానీ అదే స్టేషన్. ఫోటోలో లేనివి అతను చెప్పేవాడు. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకు నేల మీద పోయే లైను అది. ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఒక పక్క అలల చప్పుడు, ఇంకో పక్క కొండ మీంచి జారే నీళ్ళ చప్పుడు వినపడతాయట. వెయిటింగ్ రూములో ఇనుప పొయ్యి, దాని మీద ఎప్పుడూ కాగుతుండే కెటిల్. వానలో దిగినవాళ్ళ కోసం మూలన నాలుగు గొడుగులు. ఎవరైనా తీసుకుపోవచ్చు, మళ్ళీ వచ్చినప్పుడు పెట్టెయ్యాలి. అన్నేళ్ళలో ఒక్క గొడుగూ పోలేదట.

వాళ్ళ నాన్న రిటైరయ్యాక ఆ స్టేషన్‌కు మళ్ళీ ఎవర్నీ వెయ్యలేదు. టికెట్టు కిటికీకి చెక్కలు కొట్టేశారు. రెండో లైను పీకేశారు. రైలు మాత్రం ఆగేది. మనిషి లేని స్టేషన్ అంటే పాడుపడి ఉంటుందని నేను అనుకుంటుంటే, అతను తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మ ఉంది కదా. రోజూ పొద్దున ఊడుస్తుంది. బెంచీల మీదికి పాత బట్టలతో మెత్తలు కుట్టింది. చలికాలం పొయ్యి ముట్టిస్తుంది. బడికి పోయే ఆడపిల్లలు ఏడుగురు ఎక్కుతారు. వాళ్ళు చలికి వణకకూడదు అంటుంది."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు. మా నాన్న పోయాక కూడా మానలేదు."

వాళ్ళ నాన్నకూ కొడుకు రైల్వేలో చేరాలనే ఉండేదట. ఇతను సర్వే చదువుకుని దేశాలు పట్టుకుని తిరిగాడు. నాన్న పోయినప్పుడు ఇరాక్‌లో ఉన్నాడట. కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. ఈ మాట చెప్పినప్పుడు అతను నా వైపు చూడలేదు. ఖాళీ కప్పులోకి చూస్తూ చెప్పాడు. నేను బాపు సంగతి చెప్పాను. పచ్చ జెండా సంగతి కూడా. అంతదాకా అది ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మధ్యలో మా గ్యాంగును ఆరు నెలలు తూర్పు తీరాన ఉన్న కల్బాకు పంపారు. అక్కడ నీటి పైపుల లైను పని, ఉండటానికి అందరికీ కలిపి ఒక అద్దె ఇల్లు. జెబెల్ అలీ నుంచి అక్కడికి రోడ్డు కొండల మధ్యగా పోతుంది. కొండలు దాటి కిందికి దిగగానే సముద్రం. జపాన్ సాబ్ మొదటి రోజు బండి ఆపించి రోడ్డు పక్కన చాలా సేపు నిలబడ్డాడు. పచ్చదనం లేని నల్లటి కొండలు ఒక పక్క, సముద్రం ఒక పక్క.

"భాయ్‌సాన్, ఇలాగే ఉంటుంది," అన్నాడు. "ఈ కొండల మీద చెట్లు పెడితే, అచ్చం ఇలాగే." తర్వాత నాలుగడుగులు వేసి కాలితో నేల మీద గీత గీశాడు. "ప్లాట్‌ఫారం ఇక్కడ."

కల్బాలో పని చేసినన్నాళ్ళూ అతను ఆ చోటు దాటినప్పుడల్లా ఒకసారి తల తిప్పి చూసేవాడు.

ఆ చలికాలం చివర్లో అతనికి ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. పని మధ్యలో చదవడం అతని పద్ధతి కాదు, జేబులో పెట్టుకున్నాడు. తిండి వేళకు తీసి చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు.

"లైను మూసేస్తున్నారు," అన్నాడు.

"ఎందుకు?"

"ఎక్కేవాళ్ళు లేరట. బస్సు వేస్తారట." ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే నెలాఖరు రోజు సాయంత్రం ఏడుంబావుకు మా స్టేషన్‌లో ఆఖరి రైలు. ఇక్కడ అప్పుడు రెండుంబావు."

"సెలవు అడుగు సాబ్. పోయి చూసి రా."

"చుట్టం పోతే సెలవు అడగొచ్చు," అన్నాడు. "రైలు పోతుందని ఎలా అడుగుతాం?"

నేను ఊరుకోలేదు, రెండు మూడు రోజులు అడుగుతూనే ఉన్నాను. అతను అడగలేదు. వాళ్ళ నాన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క సెలవు పెట్టలేదట. ఆ స్టేషన్ కోసమే సెలవు పెడితే ఆయన ఊరుకుంటాడా అన్నాడు. అది నవ్వులాటగా అన్నాడో నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

కానీ ఒక ఉపాయం చేశాడు. స్టేషన్‌కు ఎదురుగా ఒక కిరాణా కొట్టు ఉంది. ఆ చుట్టుపక్కల ఫోను ఉన్న చోటు అదొక్కటే. అక్కడికి ఫోను చేస్తే, కొట్టామె రిసీవర్‌ను కిటికీలోంచి బయటకు పెడుతుంది. రైలు వచ్చిన చప్పుడు, తలుపులు మూసిన చప్పుడు, కూత, అన్నీ ఇక్కడ వినవచ్చు. వాళ్ళమ్మకు ఉత్తరం రాసి అంతా ఏర్పాటు చేయించాడు.

ఆ రోజు పని మధ్యాహ్నానికి ఆపి, జగిత్యాల అన్నను ఇంటి దగ్గర దింపి, మేమిద్దరం పక్క ఊరు ఫుజైరాలో టెలిఫోన్ ఆఫీసుకు వెళ్ళాం. అతను కొత్త చొక్కా వేసుకున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. అద్దాల తలుపున్న ఫోన్ బూత్‌లోకి వెళ్ళేసరికి రెండు కావడానికి పది నిమిషాలుంది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

నంబరు తిప్పాడు. విన్నాడు. పెట్టేశాడు. మళ్ళీ తిప్పాడు. విన్నాడు. పెట్టేశాడు. నా వైపు చూసి చెయ్యి ఆడించాడు. ఎంగేజ్. ఆఖరి రైలు చూడటానికి ఎక్కడెక్కడి వాళ్ళో ఆ ఊరికి వచ్చారని, వాళ్ళందరికీ దొరికిన ఫోను అదొక్కటేనని మాకు తర్వాత తెలిసింది. ఎప్పుడూ ఏడుగురు పిల్లలు ఎక్కే స్టేషన్ నిండా ఆ రోజు మనుషులే.

రెండు దాటింది. తిప్పుతూనే ఉన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కౌంటర్‌లో కూర్చున్న మలయాళీ గుమాస్తా లేచి వచ్చి తన ఫోను మీద కూడా ప్రయత్నించాడు. అదీ ఎంగేజే. రెండూ పన్నెండు. రెండూ పదమూడు. నేను లేచి బూత్ దగ్గరికి వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలియలేదు, ఊరికే తలుపు పట్టుకుని నిలబడ్డాను.

రెండుంబావుకు అతను రిసీవర్‌ను మెల్లగా దాని చోట పెట్టేశాడు. వీపు నిటారు చేశాడు. ఆ ఇరుకు అద్దాల గదిలో, ఎదురుగా గోడ తప్ప ఏమీ లేని చోట, కుడి చెయ్యి చాచి చూపుడు వేలు ముందుకు పెట్టి గట్టిగా రెండు మాటలు అన్నాడు. ఆ మాటలు నాకు రావు. కానీ వాటి అర్థం ఒకరు చెప్పక్కర్లేదు. దారి సాఫీగా ఉంది, బండి బయలుదేరింది. బాపు తన భాషలో రోజుకు ఆరుసార్లు అనేవాడు.

ఫోను చేయడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు అతన్ని వింతగా చూశారు. ఎవరూ నవ్వలేదు.

ఇంక వెళ్దామంటాడనుకున్నాను. అనలేదు. ఇంకో పది నిమిషాలు ఆగి మళ్ళీ తిప్పాడు. ఈసారి మోగింది. కొట్టామె ఎత్తింది, వాళ్ళమ్మను పిలిచింది. అతను ఎక్కువ మాట్లాడలేదు. ఊఁ కొడుతూ విన్నాడు. మధ్యలో ఒక్కసారి తలుపుకు నుదురు ఆనించాడు. తర్వాత తలుపు తీసి రిసీవర్ నాకు అందించాడు.

"విను," అన్నాడు. "రైలు వెళ్ళిపోయింది. మనుషులు వెళ్ళడం లేదట. అమ్మ ఫోనును కిటికీ బయట పెట్టింది."

చెవి దగ్గర పెట్టుకున్నాను. మొదట గాలి. తర్వాత చాలా దూరంగా మనుషుల చప్పుడు. గట్టిగా ఎవరూ మాట్లాడటం లేదు. పిల్ల ఒకటి ఏడుస్తోంది, ఎవరో సముదాయిస్తున్నారు, చెక్క నేల మీద చెప్పులు కదులుతున్నాయి. బండి పోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలిన జనం చేసే చప్పుడు ఏ దేశంలోనైనా ఒకటేనని నాకు అప్పుడు తెలిసింది. మా స్టేషన్‌లో నేను వేలసార్లు విన్నాను. దుబాయ్ వచ్చాక మళ్ళీ వినడం అదే.

ఇంతలో ఫోనులో ఒక ముసలామె గొంతు పలికింది. చిన్న ప్రశ్నలాంటిది. నాకేం తోచక, "నమస్తే అమ్మా," అన్నాను. ఆమె ఆ మాటనే తనకు వచ్చినట్టు పలికింది. "నమాస్తే." లైను తెగిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కాలితో గీత గీసిన చోటు దాటాం. ఆ రోజు అతను అటు తల తిప్పలేదు. ఇంటికి వచ్చి కొత్త చొక్కా విప్పి ఉతుక్కుని ఆరేసుకున్నాడు. పొద్దున మామూలుగా పనికి వచ్చాడు.

ఆ వారమే నేను బాపుకు ఉత్తరం రాశాను. ఇంటికి రాసి చివర్లో బాపుకు దండాలు అని పెట్టడం కాకుండా, ఆయనకే రాయడం అదే మొదలు. ఇల్లు, ఆరోగ్యం, సెలవు, ఏదీ రాయలేదు. జపాన్‌లో పదకొండు స్టేషన్ల లైను ఒకటి ఉండేదని, అక్కడా రింగు ఉండేదని, బిళ్ళ ఇత్తడిదని, స్టేషన్ మాస్టర్ కొడుకు నాతో పని చేస్తున్నాడని, ఆ లైను పోయిన నెల ఆఖరున మూసేశారని రాశాను.

నెల దాటాక జవాబు వచ్చింది. బాపు తన చేత్తో రాసింది. అక్షరాలు సిగ్నలు స్తంభాల్లా వేటికవి విడివిడిగా ఉన్నాయి. అందులో నన్ను తిట్టింది లేదు, నా బాగోగులు అడిగింది లేదు. అన్నీ ప్రశ్నలే. "ఆ టేషన్ల లూపు లైను ఎంత పొడుగుంటది? పాయింట్లు చేతితోని మారుస్తరా, కేబిన్ కెల్లి మారుస్తరా? మంచు వడితే పాయింట్లు గడ్డ కట్టుకపోవా? గప్పుడు ఏంజేస్తరు? సాబ్‌ను అడిగి రాయి." చివర్లో ఒక్క వాక్యం. "గసొంటి టేషన్ మూసుడు మంచిగ లేదు."

ఆ ఉత్తరం జపాన్ సాబ్‌కు చదివి వినిపించి ఒక్కొక్క ప్రశ్నా విడమరిచి చెప్పాను. అతను సర్వేలో కొలతలు రాసుకున్నంత శ్రద్ధగా రాసుకున్నాడు. రెండు శుక్రవారాలు కూర్చుని పెద్ద కాగితం మీద వాళ్ళ నాన్న కాలం నాటి స్టేషన్ నక్షా గీశాడు. రెండు లైన్లు, పాయింట్లు, సిగ్నళ్ళు, ప్లాట్‌ఫారం, నీళ్ళ తొట్టి, పొయ్యి ఉండే మూల, అన్నీ కొలతలతో సహా. కొలతలన్నీ అతనికి గుర్తే. చిన్నప్పుడు అడుగులతో కొలిచేవాడట. మంచు పడితే పాయింట్ల కింద చిన్న దీపాలు పెడతారని బొమ్మ వేసి చూపించాడు. వాళ్ళ నాన్న తెల్లారకముందే లేచి వాటిలో నూనె పోసేవాడట.

ఆ ఏడు సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు ఆ కాగితాన్ని గొట్టంలా చుట్టి చేత్తో పట్టుకెళ్ళాను. బాపు దాన్ని మంచం మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, అద్దాలు పెట్టుకుని, పొద్దుటి నుంచి గూడ్సు వేళ దాకా చూశాడు. మా స్టేషన్ కంటే ప్లాట్‌ఫారం పొట్టిదని తేల్చాడు. దీపాల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. అవ్వ అన్నానికి పిలిచింది. ఇద్దరం ఒకే వరసలో కూర్చున్నాం.

"ఆయన తండ్రి పోయినప్పుడు ఈయన లేడా?" అని అడిగాడు.

"లేడు బాపూ. ఇరాక్‌ల ఉన్నడట."

బాపు కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు. "నువ్వు ఉత్తరాలు రాసుకుంట ఉండు," అన్నాడు.

నేను తిరిగి జెబెల్ అలీ చేరేసరికి జపాన్ సాబ్ క్యాబిన్ ఖాళీగా ఉంది. వాళ్ళమ్మ జారి పడిందట, కాలు విరిగిందట. ఈసారి సెలవు అడిగాడు. సెలవు కాదు, పనే మానేసి వెళ్ళిపోయాడు. గోడ మీద ఫోటో ఉన్నచోట నాలుగు పలకల తెల్ల మరక మిగిలింది. నాకు చెప్పి వెళ్ళే వీలు అతనికి లేదని తెలుసు. తెలిసినా ఆ రోజు అన్నం సయించలేదు.

ఎనిమిది నెలలకు ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో, విడి అక్షరాలతో. క్యాంపు గుమాస్తా చదివి పెట్టాడు. పట్టాలు తీసేశారు. స్టేషన్ ఇంటిని మాత్రం బస్సు కోసం ఉంచారు. అమ్మ కాలు నయమైంది గానీ కర్ర లేకుండా నడవలేదు. కాబట్టి ఊడ్చే పని ఇప్పుడు తనది. బస్సుకు పిల్లలు నలుగురే వస్తున్నారు. వాళ్ళు కూర్చోవడానికి తను కుట్టిన మెత్త ఒకటి వంకరగా వచ్చిందని అమ్మ విప్పించి మళ్ళీ కుట్టిస్తోంది. మీ నాన్నగారు ఆ నక్షా చూశారా అని చివర అడిగాడు.

నేను చెప్తుంటే గుమాస్తా ఇంగ్లీషులో జవాబు రాశాడు. పొద్దుటి నుంచి గూడ్సు వేళ దాకా చూశాడన్న మాట అతనికి ఇంగ్లీషులో ఎలా పెట్టాలో తోచక, "చాలా సంతోషించారు" అని రాశాడు. అది చాలదని నాకు తెలుస్తూనే ఉంది. వేరే దారి లేక సంతకం పెట్టాను.

జపాన్ సాబ్ స్థానంలో ఇంకో జపాన్ ఇంజనీరు వచ్చాడు. పాతికేళ్ళవాడు, మంచివాడే. ఒకరోజు బండిలో వెళ్తుంటే ఆ లైను సంగతి చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. తను పుట్టింది పెద్ద పట్నంలోనని, అటువైపు ఎప్పుడూ వెళ్ళలేదని, అలాంటి లైన్లు చాలా మూసేశారని విన్నానని చెప్పాడు. మనిషి లేని స్టేషన్‌లో పొయ్యి ఎవరు ముట్టిస్తారని అడిగాడు. చెప్పాను. ఆశ్చర్యపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట మా మధ్య రాలేదు.

మరుసటి ఏడు అక్కడ పని అయిపోయింది. మమ్మల్ని తలా ఒక చోటికి పంపారు. జగిత్యాల అన్న ఊరికి వెళ్ళిపోయాడు. నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పైపుల గోడౌన్‌లో చేరాను. అక్కడ పొద్దస్తమానం చుట్టూ మనుషులే, చెవులు చిల్లులు పడే చప్పుడే. కొత్త చిరునామా జపాన్‌కు రాద్దామనుకుంటూనే, రాసిపెట్టేవాడు దొరక్క, మూడు నెలలు గడిపేశాను. ఆఖరికి ఒక శుక్రవారం, పాత చిరునామాకు అతని ఉత్తరం వచ్చి ఉంటుందేమోనని, పనిగట్టుకుని జెబెల్ అలీ వెళ్ళాను. మా క్యాంపు ఉన్నచోట గదులు విప్పి లారీలకు ఎత్తుతున్నారు. గేటు దగ్గర ఒక పఠాన్ కాపలా ఉన్నాడు. నాకేమైనా ఉత్తరం వచ్చిందా అని అడిగితే, పాపం, లేచి లోపలికి వెళ్ళి ఉత్తరాల డబ్బా తెచ్చి నా ముందే బోర్లించాడు. మట్టి రాలింది.

"ఖలాస్, భాయ్," అన్నాడు. "అందరూ వెళ్ళిపోయారు. చాయ్ తాగుతావా?"

తాగుతానన్నాను. అతని పక్కన బల్ల మీద కూర్చున్నాను.